ఒకే మంచె మీద మళ్లీ ఎప్పుడు కూర్చోవాలి

ఒక మంచె మీద ఒకసారి కూర్చున్నాక మళ్లీ ఎప్పుడు కూర్చోవాలన్న ప్రశ్నకు సన్యాసి దగ్గర చాలా ఏళ్లపాటు ఒకటే జవాబు ఉండేది: మన వాసన చచ్చేదాకా ఆగాలి. వాసన ఎప్పుడు చస్తుందని ఎవరైనా అడిగితే, వాన పడితే తొందరగా, పడకపోతే ఆలస్యంగా అనేవాడు. ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు, పనికొచ్చేదీ ఏమీ లేదు. అయినా మలాయ్ దేశంలో తెలుక్ ఇంతాన్ ఊరి చుట్టుపక్కల తోటల్లో పందుల వేటకు వెళ్లేవాళ్లంతా ఆ మాటను తలూపుతూ వినేవాళ్లు. చెప్పే మనిషి భుజాన జంట గొట్టాల తుపాకీ ఉండేది మరి.

వేటగాళ్ల గురించి రాసేవాళ్లకు ఒక దురలవాటు ఉంది. వాళ్లకు అడవి భాష తెలుసని, ఆకు కదిలితే అర్థం చెప్తారని రాస్తారు. సన్యాసికి తెలుగు వచ్చు, తమిళం వచ్చు, మలాయ్ వచ్చు. పందులకు ఈ మూడూ రావు. వాటి భాష ఇతనికి రాదు. ఇద్దరి మధ్య ఇన్నేళ్లూ నడిచింది ఊహాగానమే.

పుట్టింది తోటలోనే. తాత విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చి రబ్బరు పాలు గీశాడు. తండ్రీ అదే పని చేశాడు. రబ్బరు చెట్లు కొట్టేసి ఆయిల్‌పామ్ వేసేదాకా సన్యాసి కూడా గీశాడు. తోటలో ఉన్నది తమిళ బడి ఒక్కటే, అక్కడే చదివాడు, చదివినంత. ఆ తర్వాత గెలలు కోసే కూలీల మీద మండోర్ అయ్యాడు, అంటే మేస్త్రీ. పందుల బాధ పడలేక అప్పటి మేనేజరు తన సిఫారసుతో అతనికి తుపాకీ లైసెన్సు ఇప్పించాడు. మంచె మీద కూర్చోవడం మాత్రం అంతకు ముందే దుప్పుల కోసం నేర్చుకున్నాడు, వేరేవాళ్ల తుపాకీల పక్కన కూర్చుని. తర్వాత దుప్పులను కొట్టకూడదన్నారు, మానేశాడు. పందులు మిగిలాయి. పందుల మీద ఎవరికీ జాలి లేదు.

ఆ ప్రాంతపు తెలుగువాళ్లలో మరో ఇద్దరు సన్యాసులున్నారు. ఒకాయన లారీ సన్యాసి, ఇంకొకాయన బెల్లం సన్యాసి. ఇతను తుపాకీ సన్యాసి. రాజధానిలోని బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఎవరి పెళ్లికి వెళ్లినా ముందు పందుల సంగతి అడిగి, ఆ తర్వాతే ఒంట్లో ఎలా ఉందని అడుగుతారు. పదవీ విరమణ అయిపోయింది. తోటను ఆనుకుని ఉన్న కాలనీలో చిన్న ఇల్లు, భార్య దేవుడమ్మ, సైబర్‌జయలో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసే కూతురు యోగేశ్వరి. తుపాకీ తీసేస్తే అతను భార్యను మోటార్‌సైకిల్ మీద క్లినిక్‌కి తీసుకెళ్లే పెద్దమనిషి, అంతే. ఆ సంగతి అతనికి బాగా తెలుసు.

అసలు గొడవ తోటలో పాత చెట్లు కొట్టి కొత్త మొక్కలు వేసినప్పుడు మొదలైంది. ఆయిల్‌పామ్ లేత మొవ్వంటే పందులకు ప్రాణం. ఒక్క పూటలో వరసకు వరస పీకి పడేస్తాయి. ఇంతకు ముందు సన్యాసికి తోట అంచున నాలుగైదు మంచెలుండేవి, ఒకటి మార్చి ఒకటి కూర్చునేవాడు. కొత్తగా వచ్చిన మలాయ్ మేనేజరు అవన్నీ తీయించేశాడు. కూలీలు తిరిగే చోట ఎటు పడితే అటు కాలిస్తే కుదరదన్నాడు. ఒక్క మంచె ఉండనిచ్చాడు. దాని మీంచి కూడా తుపాకీ చిత్తడి అడవి వైపే గురిపెట్టాలి. కాలనీ ఇళ్ల వైపు గొట్టం తిప్పకూడదు. సన్యాసి సరేనన్నాడు.

ఆ మంచె ఒక ముసలి రంబుతాన్ చెట్టుకు కట్టి ఉంది. ఆ చెట్టు మొదట్లో మునియాండి ఉన్నాడు. ఇటుకల గూడు, పసుపు పూసిన రాయి, తుప్పుపట్టిన శూలం. చుట్టుపక్కల చెట్లన్నీ పడగొట్టిన బుల్డోజర్ మనిషి అక్కడికి రాగానే బండి ఆపేశాడట, చెట్టు బతికిపోయింది. తమిళులు పెట్టుకున్న దేవుడే అయినా తెలుగువాళ్లకూ ఆయనంటే భయమే. మంచె ఎక్కే ముందు కొబ్బరిచిప్పలో నిప్పులేసి సాంబ్రాణి పొగ పట్టాలి, కర్పూరం వెలిగించాలి, కొబ్బరికాయ కొట్టాలి, అరటిపళ్లు, ఒక చుట్ట పెట్టాలి. ఎక్కిన ప్రతిసారీ. సన్యాసి ఎక్కే రోజు దేవుడమ్మ బుట్ట సర్ది ఇచ్చేది. చాలా ఏళ్ల కిందట ఆమె అన్న పూజ చెయ్యకుండా మంచె ఎక్కి, పడి చచ్చిపోయాడు. ముని కోపం అన్నారు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఈ విషయం మీద చర్చ లేదు.

ఒక సాయంత్రం మేనేజరు జీపు ఆపి సన్యాసిని పిలిచాడు.

"అంకుల్, ఈ మంచె మీద ఎంత తరచుగా కూర్చుంటున్నారు?"

"వారానికోసారి, బాస్. వాసన చావాల కదా."

"అది చాలదేమో. లేక ఎక్కువేమో. నాకు తెలియదు. నాకు తెలిసింది ఒక్కటే, మొక్కలు ఎక్కువ పోతున్నది మీ మంచె చుట్టూనే."

సన్యాసి అటు చూశాడు. నిజమే. దూరంగా ఉన్న వరసలు పచ్చగా ఉన్నాయి. మంచె చుట్టూ నేలంతా దున్నినట్టుంది.

"వచ్చే నెల మీ లైసెన్సుకు సిఫారసు సంతకం పెట్టాల్సింది నేనే. ఒక్క పందైనా పడకపోతే ఏమని పెట్టను? ఈపో టౌన్ నుంచి కుక్కలతో వచ్చే జట్టొకటి ఉంది, వాళ్లను పిలుస్తాను. అప్పుడు మీ తుపాకీ మీరు పోలీస్ స్టేషన్‌లో అప్పజెప్పాలి, అంకుల్. నాకు బాధగానే ఉంది."

సన్యాసి ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. పొద్దున్నే మణియం దగ్గరికి వెళ్లాడు.

మణియం దేవుడమ్మకు పిన్ని కొడుకు. తల్లి తెలుగు, తండ్రి తమిళుడు. కాలనీ మొదట్లో అరటిపండు బజ్జీలు, టీ అమ్ముతాడు. వేటకు వెళ్లడు గానీ వేట మీద గట్టి అభిప్రాయాలున్న మనిషి.

"బావా, నువ్వు సేస్తున్నది తప్పు లా," అన్నాడు బజ్జీలు తిప్పుతూ, మాట చివర అక్కడివాళ్ల అలవాటుగా ఒక 'లా' తగిలించి. "గెలలు కోసేటోల్లు రోజూ తోటలోనే ఉంటారు కదా. ఆల్ల వాసనకి పంది పారిపోద్దా? పోదు. ఎందుకూ? పళకం. అలవాటైపోనాది దానికి. నువ్వేమో వారానికోపాలి కొత్త పెళ్లికొడుకులా ఎల్లి కూకుంటావు. అది బెదిరిపోదా మరి?"

"అంటే రోజూ కూకోమంటావేటి?"

"రోజూ కూకో. నువ్వు కూడా ఒక చెట్టే అనుకుంటాది."

"నాను చెట్టులాగున్నానేటిరా?"

"చెట్టుకి ఇంత పొట్ట ఉండదు గాని, సీకట్లో తెలీదు లే."

సన్యాసి తన సిద్ధాంతాన్ని చాలా ఏళ్లు చాలామందికి బోధించాడు. దాన్ని ఒక్క పూటలో వదిలేయడం ఎంత కష్టమో మణియానికి తెలియదు. అయినా వదిలేశాడు. రోజూ సాయంత్రం బుట్ట పట్టుకుని వెళ్లి, పొగ పట్టి, కాయ కొట్టి, మంచె ఎక్కి, చీకటి పడ్డాక దిగి వచ్చాడు. పందులు రాలేదు. దోమలు వచ్చాయి. చిత్రమేమిటంటే, పొద్దున్నే వెళ్లి చూస్తే మాత్రం మొక్కలు ఇంకా ఎక్కువగా పోయి ఉన్నాయి. వారానికోసారి కూర్చున్నప్పుడు కొంత నష్టం, రోజూ కూర్చుంటే రోజూ నష్టం. కూర్చోవడానికీ నష్టానికీ ఏదో లంకె ఉందని ఎవరైనా అనుకుంటారు. సన్యాసీ అనుకున్నాడు. ఆ లంకె ఏమిటో అంతు చిక్కలేదు. తను మానేస్తే పందులూ మానేస్తాయా? అప్పుడు తుపాకీ దేనికి?

ఆ శనివారం యోగేశ్వరి కారేసుకుని వచ్చింది. తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడేది సగం తమిళం, సగం ఇంగ్లీషు. తండ్రి చెప్పిందంతా విని, "నాన్నా, విండ్ డైరెక్షన్ చూస్తారా?" అంది.

"గాలా? గాలి సూడకుండా ఎలగెక్కుతానమ్మా?"

"మరి డేటా ఏమైనా ఉందా?"

"అదేటి, తినేదా?"

యోగేశ్వరి నవ్వలేదు. మర్నాడు కదలిక కనబడగానే తనంతట తానే ఫోటో తీసే కెమెరా ఒకటి తెచ్చి రంబుతాన్ చెట్టుకు కట్టి వెళ్లిపోయింది. మళ్లీ వచ్చినప్పుడు ఆ ఫోటోలన్నీ తన లాప్‌టాప్‌లో ఎక్కించి వంటింటి బల్ల మీద పెట్టింది. తల్లీ తండ్రీ చెరోవైపు నిలబడి చూశారు.

మొదటి ఫోటోలో సన్యాసి పూజ చేస్తున్నాడు. తర్వాత సన్యాసి కాళ్లు నిచ్చెన మీద. తర్వాత సన్యాసి దిగుతున్నాడు. ఆ తర్వాత, తెల్లవారుతుండగా, పందులు. వరసగా నడిచి వచ్చి ముని గూడు ముందు ఆగినవి. మూతులు గూట్లో పెట్టి కొబ్బరి తింటున్నవి. అరటిపళ్లు తింటున్నవి. ఒకటి చుట్టను కూడా నోట పెట్టుకుని ఉంది. తిన్నాక చుట్టుపక్కల మొక్కల మీద పడ్డవి. మరో రోజు కూడా అంతే. మధ్యలో సన్యాసి ఎక్కక పూజ లేని రోజుకు మర్నాడు పందుల్లేవు. పూజ అయిన మర్నాటి పొద్దున మాత్రం తప్పకుండా ఉన్నాయి.

"నాన్నా," అంది యోగేశ్వరి, "మీరు వాటికి బ్రేక్‌ఫాస్ట్ పెడుతున్నారు."

సన్యాసి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వాసన చచ్చేదాకా ఆగాలని ఇంతకాలం ఊరందరికీ చెప్పాడు. తన వాసన అన్నిటికన్నా పచ్చిగా ఉండే పొద్దునే పందులు వస్తున్నాయి. రాత్రి చల్లారిన సాంబ్రాణి వాసన వాటిని బెదరగొట్టడం లేదు. రేపు పొద్దున కొబ్బరి ఉంటుందని చాటింపు వేస్తోంది. ఇంత తేలికైన సంగతి ఇన్నేళ్లూ ఎందుకు తెలియలేదు? ఒక మంచె మీద కూర్చున్న మర్నాడు మళ్లీ అక్కడికి వెళ్లకపోవడమే తన నియమం కాబట్టి.

"అయితే మర్నాటి పొద్దున్న కూకోవాల," అన్నాడు.

"కూకో," అంది దేవుడమ్మ. "బుట్ట సర్దుతాను."

"బుట్టెందుకే? నిన్నటి పూజ ఉంటాది కదా."

"నిన్నటి పూజ నిన్న ఎక్కినందుకు. ఇయ్యాల ఎక్కితే ఇయ్యాల సెయ్యాల."

"ఇయ్యాల పొగెడితే అయ్యి ఇయ్యాల రావే, రేపొస్తాయి."

"అయితే రేపెల్లు."

"రేపెల్లినా పొగెట్టమంటావు కదా!"

"ఎట్టాల మరి."

దేవుడమ్మ మొండితనాన్ని భక్తి అనడం సులువు. సన్యాసి కూడా అదే అనుకున్నాడు. అనుకుని, తుపాకీ బల్ల మీద పెట్టి చాలాసేపు చూశాడు. ఎక్కిన ప్రతిసారీ పొగ పెట్టాలి. పొగ పెట్టిన పూట పంది రాదు. పంది వచ్చే పూట ఎక్కాలంటే పొగ పెట్టాలి. ఈ చక్రంలో దూరడానికి దారి ఎక్కడా లేదు. యోగేశ్వరి కాగితం మీద బాణాలు గీసి చూసి, చివరికి కాగితం మడిచి పక్కన పెట్టి, "అమ్మా, ఇది లూప్," అని సైబర్‌జయకు వెళ్లిపోయింది.

అప్పటినుంచి సన్యాసి ప్రయోగాలు మొదలయ్యాయి. ముందు తెల్లవారుజామున పూజ చేసి ఎక్కాడు. పందులు చిత్తడి అంచుదాకా వచ్చిన అడుగులున్నాయి, పచ్చి పొగకు బెదిరి అక్కడినుంచి వెనక్కి తిరిగిన అడుగులూ ఉన్నాయి. మరో సాయంత్రం పొగ పట్టి, కాయ కొట్టకుండా సంచిలో దాచి, అరటిపళ్లు తనే తినేశాడు. ఎర లేకపోతే మర్నాడు అవి రావని, మొక్కలైనా బతుకుతాయని ఏదో లెక్క. అవి వచ్చాయి. గూట్లో ఏమీ లేకపోయేసరికి కోపమొచ్చిందో ఏమో, మంచె చుట్టూ ఉన్న మొక్కలన్నిటినీ మొవ్వులతో సహా పెకలించి పోయాయి. మేనేజరు జీపు దిగకుండానే చూసి, "సోమవారం వస్తాను, అంకుల్," అన్నాడు.

"రోజూ కూకోమన్నాను కదా, మజ్జిలో మానేసినావు," అన్నాడు మణియం.

"రోజూ కూకుంటే రోజూ తిన్నాయిరా!"

"అదే లా, అలవాటు పడుతున్నాయి. ఇంకొన్నాల్లు కూకుని ఉంటే నీకు దండం పెట్టి తినేవి."

"నీ బజ్జీల కొట్లో కూకుంటాను, తుపాకీ అప్పజెప్పి. సరేనా?"

మణియం గరిటె పక్కన పెట్టాడు. "అప్పజెప్పేస్తావేటి బావా, నిజంగా?"

సన్యాసి లేచి మోటార్‌సైకిల్ ఎక్కాడు. టీ కూడా తాగలేదు.

శనివారం సాయంత్రం మామూలుగా పూజ చేశాడు. పొగ బాగా పట్టాడు, పెద్ద కాయ కొట్టాడు, అరటిపళ్లు గెల చీల్చి పెట్టాడు. మంచె ఎక్కి కూర్చుని, చీకటి పడగానే దిగాడు. ఆదివారం తెల్లవారకుండా లేచి, తెలుక్ ఇంతాన్ మార్కెట్‌కి చేపలకని దేవుడమ్మతో చెప్పాడు. ఆమె నిద్రలోనే ఊఁ అంది. అతను మోటార్‌సైకిల్‌ను వీధి మలుపుదాకా నడిపించుకుంటూ వెళ్లి మణియం కొట్టు వెనక ఆపేశాడు. గోనెసంచిలో తుపాకీ చుట్టుకుని కాలువ గట్టు మీదుగా మంచె దగ్గరికి పోయాడు. పొగ పెట్టలేదు. ముని వైపు చూడలేదు. నిచ్చెన ఎక్కేటప్పుడు మాత్రం ఒక మెట్టు మీద కాలు జారితే, తెలియకుండానే "సామీ" అన్నాడు.

తూరుపు తెల్లబడుతుండగా పెద్ద మగపంది ఒకటి వచ్చింది. ఇల్లు తెలిసిన చుట్టంలా నేరుగా గూటి దగ్గరికి వచ్చి మూతి లోపల పెట్టింది. సన్యాసి గొట్టం దించి గురి చూశాడు. పంది తల వెనక రాయి ఉంది. రాయికి పసుపు ఉంది. కాలిస్తే తూటాలోని గుండ్లు సగం పందికి, సగం దేవుడికి. దేవుడి మీద తనకు ఎంత నమ్మకం ఉందో అతనికి ఎప్పుడూ తేలలేదు. ఆ క్షణంలోనూ తేలలేదు. తేలనందువల్లే ఆగాడు. పంది కొబ్బరి అంతా తిని, అరటిపళ్లు తిని, చుట్టను మూతితో దొర్లించి వదిలేసి, చిత్తడి వైపు నాలుగడుగులు వేసింది. అప్పుడు కాల్చాడు. పంది ముందుకాళ్ల మీద కూలి పక్కకు ఒరిగింది.

సన్యాసి ఊపిరి వదిలాడు. సోమవారం సంగతి అయిపోయింది. సంతకం, లైసెన్సు, పెళ్లిళ్లలో అడిగేవాళ్లు, అన్నీ ఒక్కసారిగా తిరిగొచ్చినట్టయింది.

ఇంతలో వెనక ఆకులు కదిలాయి.

కాలనీ వైపు. కాలువను ఆనుకుని ఉన్న వరసలో లేత మట్టలు ఒకదాని తర్వాత ఒకటి ఊగుతున్నాయి. ఏదో వేగంగా వస్తోంది, మనిషి ఎత్తుకన్నా చాలా కిందగా. మగపంది వెనక మంద ఉంటుంది. అది సన్యాసికి తెలుసు. మేనేజరు మాట కూడా తెలుసు. చేతులకు ఆ మాట తెలియదు. ఒళ్లు వెనక్కి తిరిగింది, రెండో గొట్టాన్ని పేల్చడానికి దాని గుర్రాన్ని బొటనవేలు వెనక్కి లాగింది, చూపు ఊగుతున్న ఆకుల్లోకి పోయింది. బూడిదరంగుగా ఏదో కనబడింది.

"ఏమయ్యోయ్!"

దేవుడమ్మ. బూడిదరంగు నైటీలో, మెడకు తువ్వాలు చుట్టుకుని, కాలువలోంచి వంగి ఎక్కుతోంది. "ఏమయ్యోయ్! పడిపోనావా? ఎక్కడున్నావయ్యా?"

సన్యాసి గొట్టం పైకెత్తాడు. తూటా తీసేశాడు. దిగడానికి నిచ్చెన మెట్టు వెతికితే కాలికి దొరకలేదు. "ఉన్నాను," అన్నాడు పైనుంచే. "పంది పడింది."

ఆమె పంది వైపు చూసింది, అతని వైపు చూసింది, ముని గూటి వైపు చూసింది. తువ్వాలుతో మొహం తుడుచుకుని ఇంటివైపు తిరిగింది.

సోమవారం మేనేజరు వచ్చాడు. జీపులోంచే దూరంగా ఐసు మీద పెట్టి ఉంచిన పందిని ఫోనులో ఫోటో తీసుకుని, "బాగుంది, అంకుల్," అని సంతకం పెట్టేస్తానన్నాడు. "అయితే తేలిందా? వారానికి ఎన్నిసార్లు కూర్చోవాలి?"

"తేలలేదు, బాస్," అన్నాడు సన్యాసి.

మేనేజరు అది వినయం అనుకుని నవ్వాడు. కాదు, నిజంగానే తేలలేదు. మర్నాటి పొద్దున కూర్చోవాలని తేలింది, కానీ ఆ కూర్చోవడంలో ఏం జరగబోయిందో ఎవరికీ చెప్పలేదు. మణియం తన వాటా మాంసం తీసుకుపోతూ ఇదంతా రోజూ కూర్చున్న ఫలితమే అన్నాడు. యోగేశ్వరి ఫోనులో ఇదంతా కెమెరా వల్లే అంది. ఎవరి జవాబు వాళ్లకు ఉంది. సన్యాసికి ఇంతకు ముందున్న ఒక్క జవాబూ పోయింది.

ఆ సాయంత్రం దేవుడమ్మ మాంసం మీద మిరియాలు చల్లుతూ, పొయ్యి వైపు తిరిగే ఉండి మాట్లాడింది.

"సేపలు తేలేదు."

"ఊఁ."

"నా మీదికి ఎత్తినావు. సూసినాను."

సన్యాసి బల్ల మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నాడు. "పందనుకున్నాను," అన్నాడు.

"పందిలాగే ఉన్నాను లే, ఆ కాలవలో." గరిటె గిన్నె మీద కొట్టి పక్కన పెట్టింది. "పొగ కనబడనేదు. తుపాకీ మోత ఇనబడింది. బీరువా తలుపు తీసి సూస్తే తుపాకీ నేదు. మార్కెట్‌కి తుపాకీ ఎందుకు తీసుకెల్తాడు అనుకున్నాను."

"పొగకేటి?"

"ఏటంటే? సాంబ్రాణి ముని కోసమనుకున్నావా? ముని కోసమే. నా కోసం కూడా. పొగ లేస్తే నువ్వెక్కినావని ఈ కిటికీలోంచి తెలస్తాది నాకు. సీకటి పడినాక రాకపోతే ఎక్కడ ఎతకాలో తెలస్తాది. మా అన్న పడింది ముని కోపమన్నారు అందరూ. ఆడు పడినాక సానాసేపు బతికే ఉన్నాడు. ఏ మంచె ఎక్కినాడో ఎవడికీ తెలీదు, అంతే."

"ఇన్నాల్లూ సెప్పలేదేమే?"

"సెప్తే ఫోన్ సేస్తానందువు. అక్కడ ఫోన్ మోగితే పందులు రావందువు. ఆపేత్తువు. మునికి ఫోన్ లేదు కాబట్టి నోరు మూసుకున్నావు."

సన్యాసి బయటికి చూశాడు. వెనక తోటలో వెలుగు తగ్గుతోంది, కిటికీలోంచి రంబుతాన్ చెట్టు తల మాత్రం కనబడుతోంది.

"అప్పజెప్పేస్తాను," అన్నాడు. "తుపాకీ. సంతకం పెట్టినా సరే."

దేవుడమ్మ ఇటు తిరిగింది. "అప్పజెప్పి ఏటి సేస్తావు? రోజంతా ఈ కుర్చీలో కూకుని నన్ను సూస్తావా? మల్లీ పందనుకుంటావు." నవ్వింది, కళ్లు తడిగానే ఉన్నాయి. "అప్పజెప్పక్కర్లేదు. మర్నాటి పొద్దున్నే కూకో, పొగ లేకుండానే కూకో. కానీ నేను కూడా ఎక్కుతాను. నేను మంచె మీదుంటే కింద నేను ఉండను కదా."

"నువ్వా? మంచె మీదా? నీ మోకాలు?"

"నా మోకాలు సంగతి నువ్వు మాటాడకు."

"ఇద్దరం కూకుంటే రెండు వాసనలే. పంది వస్తాదా?"

"నాకేటి తెలుసు. నీకు తెలుసా?"

సన్యాసి ఆలోచించాడు. ఇద్దరి వాసన, ఆమె దగ్గు, ఆమె బుట్టలో అప్పడాలు తెస్తుందన్న అనుమానం, ఎంత వద్దన్నా మాట్లాడుతుందన్న నమ్మకం. ఇన్నిటి మధ్య పంది వస్తుందో రాదో చెప్పడానికి ఏ సిద్ధాంతమూ లేదు.

"తెలీదు," అన్నాడు.

మర్నాడు మణియం కొట్టు వెనకనుంచి రెండు పలకలు, కొన్ని మేకులు అడిగి తెచ్చుకున్నాడు. మంచె వెడల్పు చెయ్యాలి. కింద నిలబడి పలకలు అందిస్తున్న మణియం ఆగలేక అడిగాడు.

"బావా, ఇదేటి, పెళ్లి పీటలా?"

"పలక అందీరా," అన్నాడు సన్యాసి, మేకు నోట్లో పెట్టుకుని.

"అక్క ఎక్కితే ఈ చెట్టు ఆగుద్దా?"

కింద ముని గూటి దగ్గర కూర్చుని నిచ్చెన మెట్లకు తాడు బిగిస్తున్న దేవుడమ్మ తలెత్తింది. "ఆగకపోతే నువ్వు కింద ఉన్నావు కదరా, నీ మీద పడతాను. సరిగా పట్టుకో."

మణియం పలక సరిగా పట్టుకున్నాడు.